సబ్ వూఫర్ పొడి

ఆ మెకానిక్కు ఇంట్లో పొద్దున్నే ఇల్లు ఊడ్చే ముందు, హాల్లో సబ్ వూఫర్ కింద ఊడ్చేవారు. చీపురుతో కాదు, మెత్తటి బ్రష్షుతో. పాత చెక్కపెట్టె అది, టీవీ పక్కన మూలకి ఒదిగి కూర్చుని పాట ఉన్నా లేకపోయినా గూ... అని ఒకటే మోత మోగేది. తెల్లారేసరికి దాని కింద ఆ మోత బూడిదరంగు పొడిగా రాలి ఉండేది. మెకానిక్కు భార్య దాన్ని కాగితం మీదికి ఎత్తి, టీ వడగట్టే జల్లెడలో జల్లించి, ఖాళీ కాఫీ సీసాలో పోసి మూత బిగించేది. ఆ తర్వాతే పాలు పొయ్యి మీద పెట్టేది.

పొడి నిద్రకి పనికొచ్చేది. దిండు గలీబులో అర చెంచాడు చల్లుకుంటే చాలు, తల వాల్చిన ఐదు నిమిషాలకి నిద్ర ముంచుకొచ్చేది. పైవాటాలో ఉండే నర్సుకి అన్నీ నైట్ డ్యూటీలే. పగలు పడుకోవాలి కాబట్టి వారానికోసారి చిన్న డబ్బా పట్టుకుని కిందికి దిగేది. ఊరికే వచ్చేదాన్ని ఊరికే పట్టుకెళ్లకుండా, "ఈ వారం కాస్త బరకగా ఉందండీ" అని పిండిమరవాడికి చెప్పినట్టు చెప్పి మరీ పట్టుకెళ్లేది.

మెకానిక్కుకి టీవీలూ స్పీకర్లూ బాగుచేసే పనిలో పాతికేళ్ల అనుభవం. టేప్ రికార్డర్ల కాలం నుంచీ ఊళ్లోవాళ్ల మోతలూ గురకలూ అతనే మాన్పిస్తున్నాడు. అలాంటివాడి సొంతింట్లో ఆరేళ్లుగా ఈ గోల ఏమిటని చుట్టపుచూపుగా వచ్చిన ప్రతివాళ్లూ దెప్పేవారు. అతను ఒకళ్లకి చెప్పిన సాకు ఇంకొకళ్లకి చెప్పేవాడు కాదు. ఆ మోడల్ పార్టు రావట్లేదనేవాడు ఒకసారి, ఎర్తింగులో తేడా అనేవాడు ఇంకోసారి. ఒకసారైతే గోడదే తప్పన్నాడు. బావమరిది నమ్మి గోడకి చెవి ఆనించి చూశాడు కూడా.

నిజానికి జబ్బేమిటో అతను ఆరేళ్ల కిందటే పది నిమిషాల్లో పట్టేశాడు. ముందు టీవీ నుంచి వచ్చే వైరు పీకి చూశాడు, మోత తగ్గలేదు. అంటే బయటి తేడా కాదు. వాల్యూము పూర్తిగా తగ్గించేశాడు. అప్పుడూ అంతే మోత. అంటే పాట వచ్చే దారిలోనూ కాదు. ఇక మిగిలింది లోపలి పవర్ సప్లై. వెనక పలక విప్పితే, కరెంటుని నిలకడ చేసే రెండు పెద్ద కండెన్సర్ల తలలు ఉబ్బి కనిపించాయి. పలక మళ్లీ బిగించి, మర్నాడే బజారుకెళ్లి కొత్తవి రెండు కొనుక్కొచ్చాడు. ఆదివారం వేద్దామనుకున్నాడు.

ఆ ఆదివారం రాకముందే అతని చెల్లెలు వచ్చింది, ఒక్క సూట్‌కేసుతో.

ఆమె అంబులెన్సుల కాల్ సెంటర్లో ఉద్యోగం చేసేది. ఒక మధ్యాహ్నం ఒకావిడ ఫోను చేసి, భర్త గుండె పట్టుకుని కుప్పకూలాడంది. మ్యాపులో రెండు బళ్లు కనిపించాయి. చెల్లెలు వాటిలో దగ్గరున్న బండిని పంపింది. దగ్గరే, కాని ఏటికి అవతల. వంతెన మరమ్మతులో ఉన్న సంగతి మ్యాపుకి తెలియదు. బండి చుట్టూ తిరిగి వెళ్లేసరికి పంతొమ్మిది నిమిషాలు పట్టింది, అప్పటికే అంతా అయిపోయింది. విచారణ జరిపి ఆమె తప్పేమీ లేదని పైవాళ్లు తేల్చేశారు. ఆమె మాత్రం తేల్చుకోలేకపోయింది. ఉద్యోగం మానేసి అన్న ఇంటికి వచ్చేనాటికి ఆమె కంటి మీద కునుకు పడి పదకొండు రోజులైంది.

వచ్చిన రోజు హాల్లో నేల మీద ఆ పెట్టెకి ఆనుకుని కూర్చుంది. కింద రాలిన పొడి చెయ్యికి అంటుకుంది, అదే చేత్తో మొహం తుడుచుకుంది, కూర్చున్నచోటే ఒరిగిపోయింది. పద్నాలుగు గంటలు లేవలేదు. మెకానిక్కు కండెన్సర్ల పొట్లం తీసుకెళ్లి పనిబల్ల సొరుగులో అట్టడుగున పెట్టేశాడు. భార్య చూసింది.

అలా ఆరేళ్లు. మొదట్లో చెల్లెలు ఎనిమిది గంటలు పడుకుని లేచేది. ఇంట్లో పనికి చెయ్యందించేది, నవ్వేది కూడా. కాని కండెన్సర్లు ఎండిన కొద్దీ మోత ముదిరింది, మోత ముదిరిన కొద్దీ పొడి చిక్కనైంది. ఎనిమిది గంటలు పన్నెండయ్యాయి, పన్నెండు పద్దెనిమిదయ్యాయి. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం లేచి, దీపాలు పెట్టకముందే మళ్లీ పడకెక్కుతోంది. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకి అట్టలు వేసే ఉద్యోగం మెకానిక్కు భార్యది. ఆమెకి ఆడపడుచు మీద వల్లమాలిన ప్రేమేమీ లేదు గాని, చిరుగుతున్న దేన్నైనా చూస్తూ ఊరుకోలేదు. "మీరు చేస్తున్నది మంచో చెడో ఒకసారి ఆలోచించండి" అని భర్తతో రెండుసార్లు అంది. అతను రెండుసార్లూ షాపుకి టైమైందని వెళ్లిపోయాడు.

ఒక శుక్రవారం చెల్లెలు గోడగడియారానికి బ్యాటరీ వెతుకుతూ పనిబల్ల సొరుగంతా తిరగేసింది. అతను భోజనానికి వచ్చేసరికి బల్ల మీద పొట్లం విప్పి ఉంది. పక్కన బిల్లు.

"ఇవి ఆ పెట్టెవేనా, అన్నయ్యా?"

అవునన్నాడు.

"బిల్లు మీద తారీకు నేనొచ్చే ముందురోజుది. ఎంతసేపు పని?"

"గంట. మహా అయితే గంటన్నర."

ఆమె దెబ్బలాడుతుందనుకున్నాడు. ఆమె దెబ్బలాడలేదు, పొట్లం జాగ్రత్తగా మళ్లీ మడిచింది.

"పోయిన వారం ఒకరోజు లేచాక ఆ ఇంటి నంబరు గుర్తుకు రాలేదు" అంది. "ఆ రోజు ఆవిడ చెప్పిన అడ్రసు. మూడు రోజులు పట్టింది గుర్తు తెచ్చుకోడానికి. అదీ మర్చిపోయాననుకో, అసలు నేనెందుకు పడుకుంటున్నానో నాకే తెలియకుండా పోతుంది. బాగుచేసెయ్యి."

"నిద్ర పట్టదమ్మా నీకు."

"పట్టకపోనీ."

ఆదివారం పదకొండింటికి పని మొదలుపెట్టారు. ముగ్గురూ ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు. వెనక పలక ఎనిమిది స్క్రూలూ ఊడదీసి పక్కకి లాగేసరికి లోపల్నించి పొడి జలజలా జారింది. రోజూ కింద రాలేది పైపైనే. అసలుదంతా లోపలే పేరుకుంది. బిస్కెట్ల పెద్ద రేకు డబ్బా గొంతు దాకా నిండింది. గుడ్డ కట్టుకున్నా సరే, మెకానిక్కు భార్య మూడుసార్లు ఆవులించి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

చెల్లెలు టార్చి పట్టింది. అతను పాత కండెన్సర్లలో నిలవున్న కరెంటుని ముందు ఒక చిన్న బల్బులోకి వదిలేశాడు. బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. అతుకుల సోల్డరు కరిగించి రెంటినీ పీకాడు. ఒకదాని అడుగు కారి బోర్డంతా జిగురుగా ఉంది. స్పిరిట్టుతో తుడిచి, కొత్తవాటి కాళ్లు ప్లస్సూ మైనస్సూ చూసుకుని దూర్చి అతికించాడు. కాని ప్లగ్గు నేరుగా గోడకి పెట్టలేదు, మధ్యలో పెద్ద బల్బొకటి కలిపాడు.

"కొత్తవేగా, నేరుగా పెట్టేయకూడదూ?" అంది చెల్లెలు.

"కొత్తవే. కాని ఆరేళ్లు ఊరికే పడున్నాయి. ఒక్కసారిగా అంత కరెంటూ ఇస్తే తట్టుకోలేవు. ఇలా కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి."

"ఎంతసేపు?"

"తొందరేముంది" అన్నాడు.

ముప్పావుగంట ముగ్గురూ ఆ బల్బు చూస్తూ కూర్చున్నారు. తర్వాత బల్బు తీసేసి, ప్లగ్గు గోడకి పెట్టి స్విచ్ వేశాడు. మోత లేదు. పెట్టె మీది ఎర్రదీపం వెలుగుతోంది కాబట్టి నడుస్తోందని తెలిసింది గాని, లేకపోతే తెలిసేది కాదు. వంటింట్లో కుళాయి చుక్కచుక్కగా కారుతోందని ఆరేళ్ల తర్వాత ఆ ఇంట్లోవాళ్లకి తెలిసింది. చక్కగా కుదిరిన పనికి అంత దిగులు పడటం మెకానిక్కుకి అదే మొదటిసారి.

పలక బిగించి చేతులు కడుక్కుని వచ్చేసరికి చెల్లెలు డబ్బా ఒళ్లో పెట్టుకుని అతనికేసే చూస్తోంది.

"సీసా కూడా ఇచ్చెయ్" అంది.

పొద్దున్నే ఎత్తిన పొడి సీసాని అతను చెప్పుల స్టాండు వెనక దాచాడు. అవసరానికి ఉంటుందని, అంతే. గొణుక్కుంటూ తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని కూడా డబ్బాలో ఒంపి మూత గట్టిగా నొక్కింది.

తర్వాత నాలుగు రోజులు ఆమె నిద్రపోలేదు. ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఇస్త్రీ చేసింది, చేసినవే మళ్లీ చేసింది. వదిన తెచ్చిన చిరుగు పుస్తకాలు వరసపెట్టి చదివింది. కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. నర్సు చిన్న డబ్బాతో దిగి వస్తే, పెట్టె బాగైపోయిందనీ ఇక పొడి రాదనీ మెకానిక్కు భార్య చెప్పింది. "పోనీలెండి, డే డ్యూటీకి అర్జీ పెడతాను" అని నర్సు ఖాళీ డబ్బాతో పైకి వెళ్లిపోయింది. మెకానిక్కు మాత్రం చెల్లెలి మొహం చూడలేక షాపుకి తొందరగా వెళ్లి ఆలస్యంగా వచ్చేవాడు. పొడి డబ్బా అటక మీదే ఉంది. ఒక్క అర చెంచాడు తీసి దిండులో చల్లితే ఆమెకి తెలియను కూడా తెలియదు. చెయ్యి చాలాసార్లు అటు వెళ్లింది. బలవంతాన ఆపుకున్నాడు.

గురువారం పది గంటలకి ఆమె ఉతికిన బట్టలు కట్టుకుని, డబ్బా సంచిలో పెట్టుకుని, అన్నని తనతో రమ్మంది. ఎక్కడికని అతను అడగలేదు. బస్సు బాగుచేసిన వంతెన మీంచి వెళ్తున్నంతసేపూ ఆమె సంచిని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. వంతెన దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

రెండో సందులో ఇల్లు. చిన్న గేటు, మూడు మెట్లు. యాభై దాటినావిడ తలుపు తీసింది. ఆవిడ కళ్ల కింద చారలు చూడగానే, ఇంట్లో నాలుగు రోజులుగా చూస్తున్నవే కాబట్టి, ఆవిడెవరో మెకానిక్కు పోల్చుకున్నాడు. ఆవిడవి ఇంకా పాతవి.

"ఆ రోజు ఫోనులో మాట్లాడింది నేనేనండీ" అంది చెల్లెలు. "దగ్గరగా కనిపించిన బండి పంపాను. వంతెన సంగతి కనుక్కోవాల్సింది. కనుక్కోలేదు."

మెకానిక్కు మెట్ల కిందే నిలబడిపోయాడు. ఆరేళ్లుగా అతను భయపడింది ఈ ఒక్క నిమిషానికే.

"కోపం లేదని అబద్ధం చెప్పను" అంది ఆవిడ. "ఉంది. కాని బండి వచ్చేదాకా మీరు ఫోను పెట్టెయ్యలేదు. నేనెన్ని మాటలన్నా పెట్టెయ్యలేదు. ఆ తర్వాత ఈ ఇంట్లో నాతో అంతసేపు మాట్లాడినవాళ్లు లేరు. మీకోసం ఆ నంబరుకి ఎన్నిసార్లు చేశానో. మానేశారన్నారు."

చెల్లెలు గుమ్మం పట్టుకుంది. ఆవిడ తలుపు పూర్తిగా తెరిచి లోపలికి రమ్మంది.

ముందుగదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతను మెట్ల మీదే చతికిలబడ్డాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి అన్నీ కనిపిస్తున్నాయి. చెల్లెలు డబ్బా తీసి, ఇది మా ఇంట్లో సబ్ వూఫర్ పొడి, నిద్ర పడుతుందని చెప్పింది.

"చెంచాడా, అర చెంచాడా?" అని అడిగింది ఆవిడ.

"అర చెంచా చాలు. ఒక్క వారమే వాడండి. తర్వాత అవసరం ఉన్నవాళ్లకి ఇచ్చెయ్యండి. ఎక్కువ వాడితే మంచిది కాదు."

ఆవిడ కుర్చీలో వెనక దిండుకి చిటికెడు రాసుకుంది. తన భర్త ఆ పొద్దున ఏ చొక్కా వేసుకున్నాడో చెప్పడం మొదలుపెట్టింది, బొత్తాల దాకా వచ్చి మధ్యలో ఆగిపోయింది. తల పక్కకి వాలింది. చెల్లెలు లేచి, ఆవిడ చేతిలో కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, గుమ్మం దాకా వచ్చింది.

"నువ్వెళ్లు, అన్నయ్యా. ఆవిడ లేచేసరికి ఎవరో ఒకరు ఉండాలి. వదినకి చెప్పు, సాయంత్రానికి వస్తాను."

అతను లేచి చెప్పులు వేసుకుంటుండగా లోపల ఫోను మోగింది. ఆరేళ్లలో ఆమె ఫోను ముట్టుకోవడం అతను చూడలేదు. ఇంట్లో మోగితే పక్కగదిలోకి వెళ్లిపోయేది. ఇప్పుడు ఆమె నిద్రపోతున్న ఆవిడ వంక చూసింది, రెండో మోతకి అందుకుంది, బల్ల మీద పెన్ను తీసుకుంది.

"ఆవిడ పడుకున్నారండీ" అంది. ఒకప్పటి ఉద్యోగం గొంతు అది, తొందర లేనిది. "మీ నంబరు చెప్పండి, రాసుకుంటున్నాను."