ఆకుపచ్చ మూత డబ్బాలు

అందులో బంగాళాదుంప ముక్క ఒక్కటి లేదు, పప్పు లేదు, పసుపు రంగు నీళ్ళు, అంతే, బుధవారం నా కళ్ళారా చూశాను, లాండ్రీలో బాయిలర్ చెడిపోయి మధ్యాహ్నమే ఇంటికి పంపేస్తే, నేను తలుపు తీసేసరికి అత్తయ్య వంటింట్లో గిన్నె ఎత్తి గటగటా తాగేస్తోంది, చెంచాతో పనే లేకుండా, నన్ను చూడగానే పక్కకు తిరిగింది, ఎందుకు తిరగాలి, ఆవిడ ఆకుపచ్చ మూత డబ్బాలు నింపింది నేనే కదా, గరిటె అడుగుదాకా దించి, దుంపలూ క్యారెట్టూ పప్పూ, ఎముక నుంచి ఊడిన మాంసం పీచుతో సహా, మరి అదంతా ఎటు పోయింది, గోడలు తినవుగా, అయ్యో ఉల్లిపాయలు మాడుతున్నాయి, మంట తగ్గించాలి, ఆదివారం పొద్దున్న ఈ పెద్ద గిన్నెడు సూప్ ఒక్కసారి కాచి ఫ్రీజర్లో పెట్టేస్తే శనివారం దాకా దిగులుండదు, మార్కెట్ కట్టేసే వేళకు వెళ్తే మచ్చపడ్డ క్యారెట్లు, పగిలిన క్యాబేజీలు సంచి నిండా కారుచౌకగా ఇస్తారు, మాంసం కొట్టతను ఎముకలు కాగితంలో చుడుతూ కుక్కకా అమ్మా అని అడుగుతాడు, అవును నాలుగున్నాయి, రెండేసి కాళ్ళవి అంటాను, నవ్వి ఇంకో ఎముక వేస్తాడు, ఆరు రోజులు, నలుగురం, ఇరవై నాలుగు డబ్బాలు, ఆయనకు నీలం మూత, పాపకు పసుపు, అత్తయ్యకు ఆకుపచ్చ, నాకు తెలుపు, నావి ఎప్పుడూ ఆఖరున నింపుతాను, అప్పటికి గిన్నెలో మిగిలేది నీళ్ళే, అది వేరే సంగతి, అది ఎవరికీ తెలియదు, నాకు మొదట్నుంచీ ఆకలి తక్కువ.

కానీ ఆవిడకిచ్చింది ఆవిడ తినకుండా దాటిస్తే ఊరుకోవాలా, దాటించేది ఎక్కడికో నాకు తెలియదా, రెండు వీధుల అవతల ఉన్న కూతురింటికి, వదిన మొన్న గురువారం వచ్చినప్పుడు చేతిలో సంచి ఖాళీగా వేలాడుతోంది, వెళ్ళేటప్పుడు ఉబ్బిపోయి ఉంది, ఏంటి వదినా అంత బరువు అంటే పాత స్వెటర్లే, ఊలు విప్పి మళ్ళీ అల్లుతాను అంది, ఎండలు మండుతుంటే స్వెటర్లట, నేను చెవిలో పువ్వు పెట్టుకుని ఉన్నాననుకుంది కాబోలు, మీకు సరిపోతోందా అత్తయ్యా అని మెల్లగా కదిపి చూశాను, ఈ వయసులో ఎంత తింటానమ్మాయ్, వేడిగా గొంతులోకి దిగితే చాలు అంది, మొహం చూడకుండా అంది, ఆయనతో చెప్తే బస్సు డిపో నుంచి అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నవాడు చెయ్యి ఆపేశాడు, మా అమ్మ దొంగంటావా, నేనామాట అన్లేదు, మరేమన్నావు, డబ్బాలోది మాయమవుతోందన్నాను, రెండో బూటు కూడా విప్పి మూలకు నెట్టి, సరే, ఆదివారం మధ్యాహ్నం అక్క భోజనానికొస్తుందిగా, నీ దగ్గర రుజువుంటే అందరి ముందే అడుగు, నిజమైతే అమ్మని అక్కతోనే పంపించేస్తాను, అబద్ధమైతే మళ్ళీ ఈ మాట ఎత్తకు అన్నాడు, ఇవాళే ఆ ఆదివారం, రుజువు లేకపోతే ఈ ఇంట్లో ఇక నా మాటకు విలువుండదు.

అందుకే డబ్బాలన్నీ బల్ల మీద చల్లారబెట్టి, మూతలు వదులుగా పెట్టి, బట్టలారేసి వస్తాను అత్తయ్యా అని వీధి చివరిదాకా వినపడేలా చెప్పి, తడి బట్టల బకెట్ పట్టుకుని తలుపు వెనకే ఆగిపోయాను, సందులోంచి బల్ల సగం కనిపిస్తోంది, చాలు, ఆకుపచ్చవి ఆరూ కనిపిస్తున్నాయి, వస్తోంది, చెప్పుల చప్పుడు లేదు, చూశావా, చెప్పులు కూడా విడిచి వస్తోంది, గుమ్మం వైపు ఒకసారి చూసింది, దొంగలు చూసినట్టే చూసింది, కానీ చేతిలో సంచి లేదు, గిన్నె లేదు, గరిటె లేదు, ఒక ఆకుపచ్చ మూత తీసింది, పక్కనే ఉన్న తెల్లమూత తీసింది, దీని మూత దానికి, దాని మూత దీనికి పెట్టి అరచేత్తో నొక్కింది, మళ్ళీ ఇంకో రెండు, నొక్కింది, తెల్లవి నావి కదా, ఆవిడ చిక్కటి డబ్బాలన్నీ తెల్లమూతలు వేసుకుని నావైపు వచ్చి కూర్చుంటున్నాయి, నా నీళ్ళ డబ్బాలు ఆకుపచ్చ మూతలు వేసుకుని ఆవిడవైపు వెళ్తున్నాయి, ఆరూ అయ్యాక అంచుకు కారిన చుక్క వేలితో తీసి నాకింది.

బకెట్ కింద పెట్టాలి, చెయ్యి లాగేస్తోంది, లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ నీ సూప్‌లో చెంచా నిలబడుతోందే, ఎలా చేస్తావో నాకూ నేర్పు అంటే నేనెంత మురిసిపోయాను, ఫ్రీజర్లో గడ్డకట్టి కరిగితే చిక్కబడుతుంది కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, నేనే కదా తిన్నాను, రోజూ, అడుగున ఉన్న పప్పు కూడా గీరుకుని, ఆవిడ నీళ్ళు తాగుతుంటే, ఎప్పట్నుంచి చేస్తోంది, రెండు నెలల కిందట దుప్పట్ల మూట ఎత్తబోయి కళ్ళు తిరిగి ఈ గోడే పట్టుకున్నాను, ఆవిడ కుర్చీలోంచి చూసింది, ఏమైందని కూడా అడగలేదు, ఎంత రాతి మనిషో అనుకున్నాను, వదిన వచ్చే వేళయింది, ఆయన నా మొహం చూస్తాడు, రుజువేదని అడుగుతాడు, అడగనీ, నా మాటకు విలువ పోతే పోనీ, నేను ఆవిడ మీద బుధవారం నుంచి కన్నేస్తే ఆవిడ నా మీద ఎప్పుడో కన్నేసింది, నా డబ్బాల మూతలు తీసి లోపల ఏముందో చూసింది, నాకు ఆకలి తక్కువన్న మాట ఆయన నమ్మాడు, పాప నమ్మింది, చివరికి నేనూ నమ్మాను, ఆవిడ మాత్రం ఒక్కరోజు కూడా నమ్మలేదు.