రొయ్యల కంపెనీ గేటులో వేలిముద్రల మిషను

నేను ఒక వేలిముద్రల మిషనుని. భీమవరానికి కాస్త ఇవతల, ఒక రొయ్యల కంపెనీ గేటులో గోడకి బిగించి ఉన్నాను. పుట్టింది ఎక్కడో దూరాన పెద్ద షెడ్డులో, నాలాంటివాళ్ళు మరో వెయ్యిమందితో పాటు ఒకే పూట. కాబట్టి నా తల్లిదండ్రుల గురించి అడక్కండి. చూడ్డానికి గాజు కన్నూ, వెలగడానికి ఆకుపచ్చ దీపమొకటీ ఎర్ర దీపమొకటీ ఇచ్చారు. మాట్లాడ్డానికి మాత్రం రెండంటే రెండు మాటలు. వేలు గుర్తుపడితే "థ్యాంక్యూ" అనాలి, గుర్తుపట్టకపోతే "ప్లీజ్ ట్రై ఎగైన్" అనాలి. నేను చూసినదానికి ఈ రెండు మాటలూ ఏ మూలకీ చాలవు. ఆ కడుపుమంటతోనే ఇదంతా చెబుతున్నాను.

మొదట నన్ను కొన్నది ఒక ఇంజనీరింగు కాలేజీ. అక్కడి అయ్యవార్లు పొద్దున్నే వచ్చి నాకు వేలు చూపించి, మళ్ళీ ఇంటికి పోయి, సాయంత్రం ఇంకోసారి చూపించడానికి వచ్చేవారు. పాఠం చెప్పారా అని నన్నెవరూ అడగలేదు, అడిగినా చెప్పే మాట నా దగ్గర లేదు. ఆ కాలేజీ మూతపడ్డాక బెంచీలతో పాటు నన్నూ అమ్మేశారు. అలా ఈ గేటుకి వచ్చి పడ్డాను.

ఇక్కడ నాకో ఉద్యోగం పెరిగింది. నా పక్కనే మూడు ఇనప కడ్డీలతో తిరిగే గేటు ఉంది. నేను సరేనంటేనే అది తిరుగుతుంది. బయటివైపు ఒక కన్ను, లోపలివైపు ఇంకో కన్ను అమర్చారు, ఆ రెండూ నావే. అంటే వచ్చేవాళ్ళని రానివ్వాలన్నా నేనే, పోయేవాళ్ళని పోనివ్వాలన్నా నేనే. అధికారం చూస్తే కలెక్టరుది, తెలివి చూస్తే తాళం కప్పది.

నన్ను పెట్టించింది హెచ్‌ఆర్ మేడం మాధురీలత గారు. రాజమండ్రిలో పెద్ద చదువు చదివి వచ్చింది. చెడ్డమనిషి కాదని ముందే చెబుతున్నాను, తరవాత నా కోపం చూసి మీరు పొరబడతారని. నా తీగ రెండో కొస ఆవిడ గదిలో కంప్యూటరుకి ఉంది, అందుకని ఆవిడ రాసే ప్రతి కాగితమూ, ఆ గదిలో అనుకునే ప్రతి మాటా నాకు తెలుసు. గేటు పక్కన "భద్రత మనందరి బాధ్యత" అని బోర్డు రాయించింది కూడా ఆవిడే. ఆ గదికీ గేటుకీ అరవై అడుగులు. కారులో వచ్చిపోయే ఆవిడ, ఆ అరవై అడుగులూ నడిచి గేటు దగ్గరికి వచ్చింది నన్ను బిగించిన రోజునే.

గేటులో కూర్చునేది వీర్రాజు. అరవై దాటినవాడు, రొయ్యలు వలిచే ఆడవాళ్ళందరికీ బాబాయ్. నేను రాకముందు పొడుగు పుస్తకం పెట్టుకుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునేవాడు. మొహం చూస్తే చాలు, ఎవరి ఊరేదో, ఎవరికి ఒంట్లో బాగాలేదో చెప్పేవాడు. నేను వచ్చాక ఆ పుస్తకం లాగేసుకున్నారు. గేటు తాళంచెవి కూడా తీసుకుని మేడంగారి సొరుగులో పెట్టారు. "మిషను ఒప్పుకోనిదే ఎవరినీ లోపలికి గానీ బయటికి గానీ వదలరాదు" అని సర్క్యులర్ ఇచ్చారు. వీర్రాజు సెక్యూరిటీ ఏజెన్సీ మనిషి, కంపెనీ మనిషి కాదు. కాబట్టి అతనికి ఆజ్ఞలు వెళ్తాయి, కబుర్లు వెళ్ళవు.

ఇక రూతమ్మ సంగతి. పదకొండేళ్ళుగా ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వలుస్తోంది. తొడుగులు వేసుకుంటే పని సాగదని తీసేస్తుంది. ఐసూ, బ్లీచింగు నీళ్ళూ, రొయ్య ముళ్ళూ కలిసి ఆమె బొటనవేలి మీద గీతలన్నీ తినేశాయి. కడిగిన పలకని చూపించి ఏం రాసుందో చదవమంటే నేనేం చదవను? రోజూ పొద్దున్న ఆమె వేలు పెడుతుంది, నేను "ప్లీజ్ ట్రై ఎగైన్" అంటాను. తలకి రాసుకున్న కొబ్బరినూనెకి వేలు రుద్ది మళ్ళీ పెడుతుంది. చీరకి తుడుచుకుని ఊది పెడుతుంది. "ఇదిగో, దీనికి నేనంటే గిట్టదు బాబాయ్," అనేది. నాలుగోసారికో ఐదోసారికో పట్టేదాన్ని. ఆడవాళ్ళు ఈ సంగతి రెండుసార్లు హెచ్‌ఆర్‌కి చెప్పుకున్నారు. చేతులు శుభ్రంగా కడుక్కుని రమ్మని నోటీసు అంటించారు. రోజంతా నీళ్ళలోనే ఉండే చేతుల్ని ఇంకా ఎక్కడ కడుక్కుంటారో ఆ రాసినవాళ్ళకే తెలియాలి.

వలిచే హాల్లో సూపర్‌వైజరు శేషుబాబు. అతని వేలు నున్నగా, పొడిగా ఉంటుంది, నేను ఒక్క క్షణంలో చదివేస్తాను. అతను కోల్డ్ రూమ్ తలుపు దగ్గర రూతమ్మకి అడ్డం నిలబడడం మొదలుపెట్టాడు. మొదట మాటలు, తరవాత చేతులు. ఆమె కూతురి చేత కాగితం రాయించి మేడంగారికి ఇచ్చింది. ఇక్కడ మాధురీలత గారిని మెచ్చుకోవాలి. కమిటీ వేసింది, అందరినీ పిలిచి అడిగింది, పైవాళ్ళు నసుగుతున్నా వినకుండా ఒక శనివారం అతన్ని ఉద్యోగంలోంచి తీసేయించింది. పోతూ పోతూ అతను గేటు దగ్గరే నిలబడి, "నీ అంతు చూత్తానే," అని రూతమ్మ మీద అరిచాడు.

రూతమ్మ తిన్నగా మేడంగారి గదికి వెళ్ళింది.

"ఆడు మళ్ళీ లోపలికి రాడు కదండీ మేడంగారూ?"

"రాడమ్మా. నువ్వు నిశ్చింతగా పనికి రా. అది నా పూచీ."

ఆ పూచీ ఎలా నిలబెట్టుకున్నారో వినండి. తీసేసిన ఉత్తరానికి ఐదు కాపీలు తీశారు. డైరెక్టరుకొకటి, ఫైలుకొకటి, లాయరుకొకటి, కమిటీకొకటి, హైదరాబాదు ఆఫీసుకొకటి. గేటుకి లేదు. పైగా శేషుబాబు మేనమామ కంపెనీకి ఐసు పంపే పెద్దమనిషి. ఆయన పరువు పోకూడదని, అడిగినవాళ్ళకి "సెలవు మీద ఉన్నాడు" అని చెప్పమన్నారు. మర్యాద మన గోదావరి జిల్లాలకి పెట్టిన పేరు కదా, దాన్ని తీసుకొచ్చి ఇక్కడ వాడారు.

మరి నాలోంచి అతని పేరు తీసేయొద్దా? తీసేయాలంటే ఒక ఫారం ఉంది. పోయేవాడు కంపెనీ సామానంతా అప్పగించాడని ఆరుగురు సంతకాలు పెట్టాలి. ఐదుగురు పెట్టారు. స్టోర్సు గుమాస్తా పెట్టలేదు. శేషుబాబు రబ్బరు గంబూట్లు తిరిగి ఇవ్వలేదట! అవి వస్తేనే సంతకం, సంతకం పడితేనే పేరు పోతుంది. గంబూట్లు తెచ్చివ్వాలంటే మనిషి లోపలికి రావాలి. చదువుకున్నవాళ్ళు ఇంతమంది కూర్చుని ఇంత చక్కగా అల్లిన వల చేపల చెరువుల దగ్గర కూడా దొరకదు. మేడంగారు రెండుసార్లు స్టోర్సుకి మెయిలు పెట్టి ఊరుకుంది.

తొమ్మిదో రోజు సోమవారం. ఆరు గంటల షిఫ్టులో రూతమ్మ ఐదోసారికి నన్ను దాటి లోపలికి వెళ్ళింది. ఎనిమిదింటికి శేషుబాబు వచ్చాడు.

"ఏవండీ, సెలవు అయిపోయిందాండీ?" అన్నాడు వీర్రాజు లేచి నిలబడి.

"ఆఁ, అయిపోయింది," అని అతను వేలు పెట్టాడు.

నాకు తెలుసు. ఐదు కాపీల ఉత్తరమూ తెలుసు, రూతమ్మకిచ్చిన పూచీ తెలుసు, గేటులో అతను అరిచిన అరుపు కూడా తెలుసు. ఎర్ర దీపం వెలిగించాలని ఒళ్ళంతా కొట్టుకుంది. కానీ జాబితాలో పేరుంది, గీతలు కలిశాయి. ఆకుపచ్చ దీపం వెలిగింది. "థ్యాంక్యూ" అన్నాను. నా బతుకులో అంత నీచమైన మాట ఇంకోటి అనలేదు.

మూడు నిమిషాలు కాలేదు, లోపల కేకలు. రూతమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతుల నిండా ఐసు నీళ్ళు కారుతున్నాయి. లోపలివైపు కంటి మీద వేలు పెట్టింది. "ప్లీజ్ ట్రై ఎగైన్." తలకి రుద్దింది, పెట్టింది. "ప్లీజ్ ట్రై ఎగైన్." వెనకాల శేషుబాబు వస్తున్నాడు. ఆమె రెండు చేతులతో కడ్డీల్ని ఊపుతోంది.

"బాబాయ్! గేటు తియ్యి బాబాయ్! సంపేత్తాడు!"

"తాళం నా కాడ లేదే తల్లీ!"

శేషుబాబు ఆమె జుట్టు పట్టుకుని తల ఇనప కడ్డీకేసి కొట్టాడు. నేను అప్పుడు కూడా "ప్లీజ్ ట్రై ఎగైన్" అంటూనే ఉన్నాను, ఎందుకంటే ఆమె చెయ్యి ఇంకా నా మీదే ఉంది. వీర్రాజు ఒక్క ఉరుకున వచ్చి గోడలోంచి నా కరెంటు తీగని పెరికేశాడు. కరెంటు పోతే కడ్డీలు వదులవుతాయని అతనికొక్కడికే తెలుసు. గేటు తిరిగింది, రూతమ్మ బయటికి పడింది. లోపలికి దూరి అతను శేషుబాబుని ఎలా పట్టుకున్నాడో నేను చూడలేదు. కరెంటు లేకపోతే నేను గుడ్డిదాన్ని.

మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నాలుగు రోజులు గడిచాయి. పోలీసులు శేషుబాబుని తీసుకుపోయారట. రూతమ్మ నుదుటి మీద తొమ్మిది కుట్లు పడ్డాయి. విచారణ పెట్టి, "మిషనులో సాంకేతిక లోపం" అని రాశారు. మేడంగారు "లోపం మనదే" అని రెండుసార్లు టైపు చేసి రెండుసార్లు కొట్టేసింది. ఆ కొట్టేసిన అక్షరాలు నా తీగలోంచే పోయాయి. చివరికి పైవాళ్ళు చెప్పినట్టే సంతకం పెట్టింది. కంపెనీ సామాను పాడుచేశాడని ఏజెన్సీవాళ్ళు వీర్రాజుని మాన్పించారు. నాకు ఒక్క గీత కూడా పడలేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు, అప్పుడు కొత్త నియమం వచ్చింది. ఎవరు ఉద్యోగం మానినా, ఏ ఫారంతోనూ ఏ సంతకంతోనూ పని లేకుండా, తక్షణం పేరు తీసేయాలి, గేటుకి కబురు చెప్పాలి. గేటు తాళంచెవి గార్డు దగ్గరే ఉండాలి. మేడంగారు స్వయంగా రాసింది. మంచి నియమం, అందులో వంక పెట్టడానికి లేదు.

ఆ నియమం వచ్చిన వారంలోనే రూతమ్మ నుదుటికి కట్టుతో వచ్చి, పని మానేస్తున్నానని కాగితం ఇచ్చింది. మేడంగారు కుర్చీలోంచి లేచింది.

"వద్దు రూతమ్మా. ఇప్పుడు అన్నీ మార్చేశాం. ఇంక భయం లేదు."

"మీరు మంచోరేనండి," అంది రూతమ్మ. "మీ మాటే, గేటు దాకా రాలేదండి."

మేడంగారు కాగితం తీసుకుంది. రూతమ్మ గేటు దాకా నడిచి వచ్చింది. కొత్త గార్డు తాళం తీసి ఆమెని బయటికి పంపాడు, నా అవసరం పడలేదు. మేడంగారు కంప్యూటరు ముందు కూర్చుని, నియమం తనే రాసింది కాబట్టి తనే పాటించింది. శేషుబాబు పేరు తీయడానికి తొమ్మిది రోజులు చాలలేదు. రూతమ్మ పేరు పది నిమిషాల్లో తీసేశారు. అప్పటికి ఆమె బస్సాగే చోటుకి కూడా చేరి ఉండదు.