బ్రేక్ మీద కాలు

అయినా ఎడమ చెయ్యి ఒక్కటే ఎండకి ఇలా మాడిపోవడం ఏమిటి, మోచేతి దాకా ఒక రంగు, ఆ పైన ఇంకో రంగు, ఇద్దరు మనుషుల్ని కోసి ఒకే మనిషిగా అతికించినట్టు, అనుకుంటూ కెండ్రా చేతిని డ్రైవర్ సీటు కిటికీలోంచి లోపలికి లాక్కుంది, ఈ బండి నడిపే రోజుల్లో వేలన్ చెయ్యీ ఇలాగే ఉండేది, సగం మాడిన రొట్టెవి నువ్వు అని ఏడిపించేది, ఆ రొట్టె ఇప్పుడు కొండల కింది ఒడెస్సా ఊళ్లో తమ్ముడింట్లో సోఫా మీద పడుకుంటోంది, వెళ్లి మూడు నెలలు, గొడవ పడి వెళ్లినా బావుండేది, ఎందుకో తెలిసేది, కాఫీ తాగి, కప్పు కడిగి, కొన్నాళ్లు అక్కడుంటాను అని వెళ్లాడు, మళ్లీ ఇవాళ మధ్యాహ్నం మెసేజ్, శనివారం ట్రైలర్ తెచ్చి నా సామాన్లు తీసుకుపోనా, రాత్రికల్లా చెప్పు, నువ్వు వద్దంటే తేను అని, మొగుడు కావాలా వద్దా అన్నది ఎస్ ఆర్ నో బటన్ చేసి పెట్టాడు మహానుభావుడు, ఆమె ఏ బటనూ నొక్కకుండా కెమెరా తీసుకుని ఈ కొండల్లోకి వచ్చేసింది, ఇక్కడైతే సిగ్నల్ ఉండదు, జవాబు చెప్పకపోవడానికి ఒక సాకు ఉంటుంది.

ఎదురుగా వస్తున్న ట్రక్కు హాలిస్‌ది, ఆగుతాడు, ఇక్కడ ఇద్దరు ఎదురుపడితే నడిరోడ్డు మీదే కిటికీకి కిటికీ ఆనించినట్టు ఆపి మాట్లాడుకోవాల్సిందే, వెనక ఎవరైనా వస్తే కదా, ముసలాయన టోపీ పైకి నెట్టి, ఏం పిల్లా, డ్రైవర్‌ని పీకేశావా అన్నాడు, తనే మానేశాడు హాలిస్ గారూ, అంతేలే, నీ జీతానికి ఎవడుంటాడు అని నవ్వి, ఆమె నవ్వకపోయేసరికి గొంతు సవరించుకుని, వంతెన దాటాక తూర్పు గట్టు మీద గడ్డం పొట్టేలు తిరుగుతోంది, చీకటి పడకముందే వెళ్లు, దాన్ని గుద్దావో బండీ పోతుంది పొట్టేలూ పోతుంది అని, వీడ్కోలుగా రెండు వేళ్లు ఎత్తి కదిలిపోయాడు, ధూళి ఆమె నోట్లో మిగిలింది, మూడు రోజుల్లో ఆమెతో మాట్లాడిన మొదటి మనిషి, ఆఫీసు మీటింగుల్లో చిన్న చిన్న పెట్టెల్లోంచి మాట్లాడే తలకాయల్ని లెక్కేయకపోతే.

తూర్పు గట్టు అంటే కుడివైపు, ఇప్పుడు స్టీరింగ్ ముందు కూర్చున్న తనకున్నది ఎడమ కిటికీ ఒక్కటే, సగం కొండలు రోజూ వృథా అవుతున్నాయి, అనుకుంటూ వంతెన దాటగానే కనిపించింది, గడ్డం మోకాళ్ల దాకా వేలాడుతూ, రాయి మీద రాయిలా, ఎండ దాని ఒంటి మీద తేనె పోసినట్టు, ఇంజను ఆపేసింది, పల్లంలో బండిని దానంతటదే దొర్లనిచ్చింది, వేలన్ ఇలాగే చేసేవాడు, తలుపు తియ్యకూడదు, దిగకూడదు, బండిని చూసి జంతువు బెదరదు, మనిషి కాళ్లు కిందపడితేనే పరుగు, నెమ్మదిగా, ఇంకొంచెం, కుడి కిటికీ సరిగ్గా పొట్టేలుకి ఎదురుగా వచ్చాక బ్రేక్ నొక్కింది, ఇక్కడ కెమెరా ఎత్తాలి, ఎత్తడానికి పక్క సీట్లోకి జరగాలి, జరగాలంటే బ్రేక్ మీంచి కాలు తియ్యాలి, తీస్తే బండి దొర్లుతుంది, హ్యాండ్‌బ్రేక్ లాగితే కీచుమంటుంది, గేరులో వేస్తే ఒక్క కుదుపు, దేనికైనా అది కొండ అవతల ఉంటుంది, ఇంత చదువూ చదివి ఒక కాలికీ రెండు చేతులకీ మధ్య ఇరుక్కుపోయాను అని ఆమెకి నవ్వొచ్చింది, నవ్వు కూడా నోరు మూసుకునే.

మరి అతనెలా చూసేవాడు, కాలు ఇలాగే బిగబట్టి, పిక్క ఇలాగే లాగుతుంటే, వెలుగు నా ఫొటోలోకి సరిగ్గా పడాలని పడమటి ఎండ మొత్తం తన ఎడమ చెంప మీద వేసుకుని, ఇప్పుడు సీటు ఖాళీ కాబట్టి కిటికీ నిండా పొట్టేలు కనిపిస్తోంది, అప్పుడు ఆ కిటికీలో నేనుండేదాన్ని, నా తల, నా భుజాలు, మూరెడు లెన్సు, జరుగు జరుగు అని అతనెప్పుడూ అనలేదు, ఊపిరి పీల్చకు బండి ఊగుతోంది అని నేను అనేదాన్ని, తర్వాత కెమెరా తెరమీద చూపిస్తే అతను అంతసేపు చూసేవాడు, నా పనితనానికి మురిసిపోతున్నాడనుకునేదాన్ని, పిచ్చిదాన్ని, అప్పుడే మొదటిసారి చూసేవాడు, అంగుళాల బొమ్మలో, పొట్టేలు తలెత్తింది, ఆమె కెమెరా వైపు చెయ్యి చాచలేదు, అది తీరిగ్గా గట్టెక్కి అవతలికి దిగిపోయింది, ఆమె కాలు బ్రేక్ మీదే ఉంది, ట్రైలర్ తేవద్దు అనడానికి తనకి హక్కుందో లేదో ఇంకా తెలియదు, రాత్రిలోగా తేల్చుకోవాలి, కానీ ఆరేళ్లపాటు ఈ బండిలో, పక్కన మనిషిని పెట్టుకుని, ఒంటరిగా తిరిగింది తను కాదు, వేలన్.