అరచేతికి వచ్చిన కాల్

ఆ ఇంట్లో ఫోన్ ఒక్కటే. అది భర్త చొక్కా జేబులో ఉంటుంది. స్నానానికి వెళ్తే బాత్రూమ్ కిటికీ మీదకి చేరుతుంది. గ్యాస్‌కీ, పాప స్కూలుకీ, చివరికి భార్య కళ్లజోడు దుకాణంలోనూ రాయించిన నంబరు అదే. "నేనున్నాగా, నీకెందుకింకోటి?" అనేవాడు, ప్రేమగానే. ప్రేమగా అనేవాడు కాబట్టే ఆమె మళ్లీ అడిగేది కాదు.

పెళ్లికి ముందు ఆమె ల్యాబ్‌లో రక్తం తీసే పని చేసేది. పసిపిల్లల నరం కూడా ఒక్క పోటుకే దొరకబుచ్చుకుంటుందని పేరు. పాప బడిలో చేరాక, కొత్తగా తెరిచిన ల్యాబ్‌లో ఉద్యోగం అడిగి వచ్చింది. ఫోన్ చేస్తామన్నారు. "వచ్చిందా?" అని రోజూ భర్తని అడిగేది. లేదనేవాడు. కొన్నాళ్లకి అడగడం మానేసింది.

ఒకరోజు పొద్దున గిన్నెలు తోముతుంటే ఆమె కుడి అరచెయ్యి మోగింది.

అత్తగారు బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "నీ చెయ్యి మోగుతోందమ్మా, చూడు" అంది.

నురగ కడుక్కుని చెవికి ఆనించింది. నీళ్ల ట్యాంకరు కావాలా అని ఎవరో అడిగారు. వద్దని పిడికిలి మూసింది. కట్టయింది.

సాయంత్రం భర్త సంగతంతా విని, "సిమ్ ఎవరి పేరు మీదుంది?" అన్నాడు.

"తెలీదండీ."

"మరి రీఛార్జి?"

అదీ తెలీదు. అతను చెయ్యి తడవనివ్వొద్దని చెప్పి లేచి వెళ్లాడు.

మర్నాడు బట్టలు ఆరేస్తుంటే మళ్లీ మోగింది. ఈసారి ల్యాబ్ వాళ్లు.

"ఇదివరకు చాలాసార్లు చేశాం మేడమ్. ఎవరో మగాయన ఎత్తి, మీకు ఇష్టం లేదన్నారు. మాకింకా మనిషి దొరకలేదు, అందుకని..."

"ఈ నంబరు మీకెవరిచ్చారు?"

"ఏమో మేడమ్. చేశాం, మీరెత్తారు. రేపు రాగలరా?"

వస్తానంది. పిడికిలి మూసి, భుజాన ఉన్న తడిచీర తీసి దండెం మీద వేసింది.

భర్త ఇంటికి రాగానే అడిగింది. "నాకు ఇష్టం లేదని ల్యాబ్ వాళ్లతో అన్నారట?"

"అన్నాను."

"ఎందుకండీ?"

"పాప చిన్నదని... కాదు. నువ్వెళ్తే ఇల్లు..." ఆగిపోయాడు. "ఏమో, నోటికొచ్చేసింది. తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదు."

అబద్ధమాడుతున్నట్టు లేడు. నిజంగానే తెలియనివాడిలా చూస్తున్నాడు. ఆమెకి కోపం వచ్చింది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాలేదు. లోపల్నుంచి అత్తగారు, "రేపు పాపని బడికి నేను దింపుతాలే" అంది, ఎవరితో అంటోందో తెలియకుండా.

మర్నాడు ల్యాబ్‌లో గుమస్తా కుర్చీ చూపించి, "నంబరు పాతదే ఉంచనా?" అన్నాడు.

"వద్దు. కొత్తది నాకే తెలీదు. మీది చెప్పండి, చేస్తాను."

అతను చెబుతుంటే అరచేతిలో వేలితో ఒక్కో అంకె రాసింది. కలుస్తుందో లేదో. అతని బల్ల మీద ఫోన్ మోగింది. తెర మీద ఆమె ఎప్పుడూ చూడని నంబరు.

"వచ్చింది మేడమ్. ఏ పేరుతో సేవ్ చేసుకోను?"

ఫలానావారి భార్య, పాప అమ్మ అనే మాటలు నోటిదాకా వచ్చాయి. వాటిని ఆపుకుని తన పేరు చెప్పింది. ఆ గొంతు ఎవరిదోలా వినిపించి, మళ్లీ ఇంకోసారి చెప్పింది.