ఒకటిన్నర టికెట్టు

నరసక్క చచ్చేలోపు ఒక్కసారి నా చేతికి చిక్కాలని నేను మొక్కుకున్న మాట నిజం. దేవుడు విన్నాడో, ఆర్టీసీ విన్నదో గానీ, ఏళ్ల తర్వాత ఆవిడ తనంతట తానే నా బస్సెక్కింది.

ముందు ఆ పాత సంగతి చెప్పాలి. నా పేరు గంగాదేవి, మాది గోరంట్ల. మా వీధిలో మగవాళ్లు కూడా చాలామంది నాకంటే పొట్టే. చిన్నప్పుడు మా అవ్వ వీపు మీద చరిచి వంగి నడవమనేది. ఫోటోకు నిలబడితే అమ్మ వెనక వరుసలోకి తోసేది. తొంభైమూడులో నాకు పెళ్లిచూపులు కుదిరితే, మా మేనత్త వచ్చి ఒక ఉపాయం నేర్పింది. కుచ్చిళ్ల చాటున మోకాళ్లు వంచి నడవాలట. ముందు రోజంతా వసారాలో అటూ ఇటూ నడిపించి, ఇంకాస్త వంగు, ఇంకాస్త వంగు అని నా ప్రాణం తీసింది.

పెళ్లికొడుకు తిరుపాల్. వాళ్లమ్మే ఈ నరసక్క. నేను కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని వంగే వచ్చాను. తొడలు వణికి కాఫీ ఒలికింది. నరసక్క చూపు నా కాళ్ల మీద పడింది. లేచి వచ్చి, అంతమంది ముందు నా కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తేసింది.

"కాళ్లు వంచుకోని వచ్చినాది సూడండి. కొల్చి సూద్దాం రాండి" అని నన్నూ తిరుపాల్‌నూ వీపుకు వీపు ఆనించి నిలబెట్టింది. "దీని పక్కన నిలబడితే నా కొడుకును మగోడని ఎవురంటారు?"

అందరూ నవ్వారు. మా చిన్నాయన కూడా నవ్వాడు. వాళ్లు వెళ్లాక అమ్మ నన్నే తిట్టింది, సరిగ్గా వంగలేదని.

ఆ తర్వాత ఎవరు చూడవచ్చినా నేను గది దాటి రాలేదు. అద్దంలో ముఖం వరకే చూసుకునేదాన్ని. నేను తప్పుగా పుట్టానని నిజంగానే నమ్మాను. చీర ఎత్తినందుకన్నా, అలా నమ్మించినందుకు నరసక్క మీద నాకు కడుపుమంట. కండక్టరు ఉద్యోగాలకు ఆడవాళ్లను తీసుకుంటున్నారంటే ఇంట్లో పోట్లాడి వెళ్లాను. అక్కడ ఎత్తు కొలిచే ఆయన, నిటారుగా నిలబడమ్మా అన్నాడు. ఆ మాట నాతో ఒకరు అనడం అదే మొదలు. ఎలా నిలబడాలో తెలియక గోడకు ఆనుకున్నాను.

ఇక రెండు వేల ఏడు, ఎండాకాలం. హిందూపురంలో ధర్మవరం బస్సు నిండా జనం. టికెట్లు కొట్టుకుంటూ వస్తుంటే మధ్య సీట్లోంచి ఒక గొంతు వినిపించింది. "ధర్మవరానికి ఒకటిన్నర కొట్టమ్మా." ఆ గొంతు నేను నిద్రలో విన్నా పోల్చుకుంటాను. ఖాకీ కోటులో ఉన్న నన్ను మాత్రం ఆవిడ పోల్చలేదు. పక్కన లంగా జాకెట్టులో ఒక పిల్ల, కిటికీకి ముడుచుకుని కూర్చుంది. నరసక్క చెయ్యి ఆ పిల్ల మెడ మీద ఉంది. పైకి లేస్తే నొక్కుతోంది.

పిల్ల ఎవరని అడిగాను. తిరుపాల్ కూతురట, పేరు హరిత. పట్టుచీర తీసుకోవడానికి వెళుతున్నారట. పదకొండేళ్లే నడుస్తున్నాయట. ముడుచుకున్నా పిల్ల పొడుగు దాగడం లేదు. నాకు లోపల పండగైంది. పొడుగు పిల్ల వద్దని పోయిన కొంపలో పొడుగు పిల్లే పుట్టింది.

అయినా అప్పుడే ఏమీ అనలేదు. వాళ్లకు టికెట్టు కొట్టకుండా వెనక్కి పోయాను. చెకింగ్ వాళ్లు ఎక్కితే నా ఉద్యోగానికే ముప్పు. కానీ పెనుకొండలో బస్సు కాసేపు ఆగుతుంది, ఇంజను ఆపితే మాట అందరికీ వినబడుతుంది. సోమందేపల్లి దాటినా ఏం చెయ్యాలో తలుచుకుంటూ లోలోపల నవ్వుకున్నాను.

పెనుకొండ బస్టాండులో ఇంజను ఆగగానే పోయి, పాపను లేచి నిలబడమన్నాను. పిల్లకు కాళ్లనొప్పులని నరసక్క అడ్డం పడింది. నేను వినలేదు. హరిత లేచింది. నా భుజం దాకా కూడా రాలేదు. కానీ ముందు సీటు కమ్మీ పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. కిందికి చూస్తే లంగా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. మోకాళ్లు వంచింది.

లంగా అంచు ఎత్తి బస్సంతటికీ చూపించాలని నా చెయ్యి కిందికి పోయింది కూడా. ఎవరో అప్పుడే కిసుక్కుమన్నారు. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ రోజు నేనూ అలాగే మూసుకున్నాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కోపం మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు.

"నరసక్కా, నువ్వు లెయ్యి" అన్నాను. పేరు వినేసరికి ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "గోరంట్లలో నా చీర ఎత్తి, కాళ్లు వంచినానని పదిమందికి సూపిస్తివే, ఆ గంగాదేవిని నేనే. కాళ్లు వంచితే మోసమని నన్ను వద్దని పోతివి. ఈ పొద్దు సగం టికెట్టుకు నీ మనవరాలి కాళ్లు నువ్వే వంచితివే."

నరసక్క ముఖంలో నెత్తురు లేదు. నేను పిల్ల వైపు తిరిగాను.

"పాపా, నీ కాళ్లు నీవి. సాపుతావో, వంచుకుంటావో నీ ఇష్టం. ఎవురూ ఏమీ అనరు."

నరసక్క పిల్ల లంగా పట్టి కిందికి లాగింది. హరిత ఆ చెయ్యి విడిపించుకుంది. మెల్లగా మోకాళ్లు చాపి నిటారుగా నిలబడింది, నా చెవి దాకా వచ్చింది.

"నాకు పన్నెండు దాటినాయక్కా. ఫుల్ టికెట్టే కొట్టు" అంది.

రెండు ఫుల్ టికెట్లు కొట్టాను. పిల్లది పిల్ల చేతికే ఇచ్చాను. జాలిపడ్డానని మాత్రం ఎవరూ అనుకోకండి. తలవంచుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకున్న నరసక్కను ధర్మవరం దాకా తనివితీరా చూశాను. నా కసి తీరలేదంటే అబద్ధం.

సీటు ఖాళీగానే ఉన్నా హరిత నిలబడే వచ్చింది. కూర్చోమే, అందరూ చూస్తాండారు అని నరసక్క గొణుగుతూనే ఉంది. నేను మాత్రం కూర్చోమనలేదు.