గొర్రెల వెంట నడిచిన సరిహద్దు

చొరోఖి నదికి ఎగువనున్న తావో కొండలలో, మంచు కరగగానే గొర్రెలను పైమేతకు తోలుకొనిపోవడం ఆనవాయితీ. ముందు పొట్టేళ్లు, వాటి వెనుక తల్లులు, పిల్లలు, అన్నింటికంటె వెనుక, జార్జియా రాజ్యానికీ తన సామ్రాజ్యానికీ నడుమ గ్రీకు చక్రవర్తి పాతించిన సరిహద్దు రాయి కదిలేవి. మనిషి నడుమెత్తున్న ఆ రాతిపై శిలువయు, దాని క్రింద చక్రవర్తి నామమును చెక్కబడి ఉండేవి. బరువైనది కాబట్టి ఎగుడుదారిలో ఆయాసపడేది. మందకు ఉప్పు పెట్టేటప్పుడు, గొర్రెలు కాసే పిల్ల బొరేనా దాని నెత్తిన కూడ ఒక పిడికెడు చల్లేది.

రాయికి పడమట ఉన్నదంతా చక్రవర్తిది, తూర్పున ఉన్నదంతా జార్జియా రాజుది. వేసవిలో రాయి ఊరికి తూర్పున కొండమీద మేసేది గనుక, ఊరు సామ్రాజ్యంలో ఉండేది. చలి రాగానే అది దిగివచ్చి ఊరికి పడమట పడుకొనేది. అప్పుడు ఊరు జార్జియా రాజుది. అందుచేత స్త్రీలు వేసవిలో పట్టు నడికట్లు కట్టి, ఆలివ్ నూనెతో వండి, గ్రీకులో పలుకరించుకొనేవారు. శీతకాలంలో ఉన్ని, వెన్న, సొంత భాష. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ తోచలేదు.

ఒక వేసవిలో బొరేనా తాత సుంబాత్‌కు చక్రవర్తి ‘స్వర్ణఖడ్గధారి’ అన్న బిరుదును, పట్టు అంగీని పంపించాడు. ఖడ్గం మాత్రం పంపలేదు.

“కత్తి ఏదయ్యా?” అని భార్య మరిఖి అడిగింది.

“బిరుదులోనే ఉందే. నీకు చదువు రాదు గనక కనబడదు.”

“అయితే ఆ బిరుదుతోనే ఉల్లిపాయలు తరుగు. విందుకు పొద్దుపోతోంది.”

విందు బిరుదు తెచ్చిన అధికారి కలోకిరోస్‌కు. భోజనాలయ్యాక సుంబాత్ ద్రాక్షాసవం నింపిన పశువుకొమ్మును పైకెత్తి, ఆ కొండలలో ప్రతి గృహస్థుడూ అతిథితో అనే మాటే అన్నాడు. “నా ఇంట్లో మీ కన్ను దేనిమీద పడితే అది మీదే!” అది మర్యాదమాట. ఏ అతిథీ ఏమీ అడగడు. కలోకిరోస్ రాజధానివాడు, అక్కడ పలికిన మాటకు పలికినంత అర్థం.

“చాలా సంతోషం,” అని అతడు వడ్డిస్తున్న బొరేనావైపు చూశాడు. “ ఈ అమ్మాయిని తీసుకువెళతాను. బిరుదు పొందిన ఇంటి బిడ్డ రాజధానిలో పెరగడం మాకు పద్ధతి.”

కొమ్ములోని ఆసవం పట్టు అంగీమీద ఒలికింది.

“వద్దని చెప్పు!” అని మరిఖి భర్త చెవిలో బుసకొట్టింది.

“ఎట్లా చెప్పనే? బల్ల దగ్గర ఇచ్చిన మాట తప్పితే మన బల్ల దగ్గర మళ్ళీ ఎవడైనా కూర్చుంటాడా?”

“నేను వెళ్తాలే తాతా,” అంది బొరేనా. “బల్ల దగ్గర నలుగురూ లేకపోతే నీకు ముద్ద దిగదు.” ఆ మాట నవ్వుతూనే అని, తాత అంగీమీది ఆసవాన్ని చేతిగుడ్డతో తుడిచింది.

మరునాటి ఉదయం ఆమెను కంచరగాడిదపై ఎక్కించి కలోకిరోస్ పడమటి దారి పట్టాడు. అంతలో రాయి మేత విడిచి కొండ దిగివచ్చి, వారిని దాటి ముందు నడవసాగింది.

రాయి తమను దాటిపోవడం చూసి, ప్రక్క లోయలోని స్త్రీలు పట్టు నడికట్లు విప్పి పెట్టెలలో దాచుకొన్నారు. నిన్నటివరకు కలోకిరోస్‌కు వంగి దండం పెట్టిన ఊరిపెద్ద, నిటారుగా నిలబడి ఆదరంగా అడిగాడు. “ఏ దేశం బాబూ మీది? ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగుతారా?”

నదీతీరపు కోటలో సైనికులు వంటపాత్రలు నెత్తిన పెట్టుకొని బయలుదేరుతున్నారు.

“ఎక్కడికిరా?” అని కలోకిరోస్ కేకవేశాడు.

“మేం సరిహద్దు కాపలావాళ్లం దొరా! అది ఎటు పోతే అటు. కాస్త మెల్లగా నడవమని చెప్పండి దానికి, గంగాళం మెడలు విరిచేస్తోంది.”

కలోకిరోస్ కంచరగాడిదను ఆపాడు. “అమ్మాయీ, ఇది రాజధానిదాకా ఇట్లాగే వస్తుందా?”

“ఉప్పు పెట్టే చేతిని వదలదండీ.”

“నిన్ను రాజభవనంలో ఉంచితే?”

బొరేనా కొంచెం ఆలోచించింది. “భవనం దాటిపోయి సముద్రపుటొడ్డున పడుకుంటుందేమో. అప్పుడు చక్రవర్తిగారు మా రాజుగారి ఏలుబడిలోకి వస్తారు. మా రాజుగారు మంచివారేనండీ.”

కలోకిరోస్ కళ్లెం ఆమె చేతికిచ్చాడు. “తల్లీ, నువ్వు ఇంటికి వెళ్లిపో.”

“నా అంతట నేను వెళ్తే తాత మాట తప్పినట్టవుతుంది. బల్ల దగ్గర పుచ్చుకున్నది బల్ల దగ్గరే మీ చేత్తో తిరిగి ఇవ్వాలి.”

అతడు నిట్టూర్చి కంచరగాడిదను వెనుకకు మళ్ళించాడు. రాయి కూడ మళ్ళింది. గంగాళం మోసేవాడు మాత్రం రాయినీ, చక్రవర్తినీ కలిపి తిట్టాడు.

ఇంటికి చేరగానే కలోకిరోస్ బల్ల ముందు నిలిచి, బొరేనా చేతిని సుంబాత్ చేతిలో ఉంచాడు. “మీరు ఇచ్చింది మీకే ఇస్తున్నాను. నాకు ఒక పూట భోజనం పెడితే చాలు.”

“కూర్చో నాయనా, చల్లారిపోతుంది,” అని మరిఖి పీట జరిపింది.

“దారి పొడుగునా ఆలివ్ కాయలేనే నానమ్మా!” అంది బొరేనా. “జున్ను కూరిన రొట్టె ఉందా?”

“కాలుతోంది. చేతులు కడుక్కో.”

ఆ కొండలలో మొదటి ముక్క ఎప్పుడూ అతిథిదే. ఆనాడు సుంబాత్ పొగలు కక్కుతున్న రొట్టెను త్రుంచి, మొదటి ముక్కను మనుమరాలి చేతిలో పెట్టాడు. కలోకిరోస్ అది గమనించనట్లు, గోడకు వ్రేలాడుతున్న జల్లెడను ఎంతో శ్రద్ధతో చూస్తూ కూర్చొన్నాడు.