మచ్చపడని పేక

మా ఆయన చేతిలో ఇస్త్రీపెట్టె ఉంటే లోకంలో ముడత అన్నది మిగలకూడదు. చొక్కాలూ దుప్పట్లూ సరే, అది మా వృత్తి. దినపత్రికను కూడా ఇస్త్రీ చేసి చదివే మనిషి ఆయన. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలయ్యే ముందు పేకముక్కలను బల్ల మీద వరసగా పేర్చి, పైన జేబురుమాలు పరిచి, వాటినీ ఇస్త్రీ చేస్తారు. పెళ్ళయిన కొత్తలో చూసి ముచ్చటపడ్డాను. ఇప్పుడు పళ్ళు నూరుతాను.

ఆట అంటే పోకర్. మా లాండ్రీ దుకాణం వెనక గదిలో, ఇస్త్రీ బల్ల మీద కంబళి పరుచుకుని నలుగురం ఆడతాం. నేను, మా ఆయన, ఆయన్ని కన్న మా మామయ్య, పక్కకొట్లో గడియారాలు బాగుచేసే ఆయన. ఆయన్ని ఎదురుగా అన్నయ్యా అంటాను, చాటున భూతద్దం అంటాను. పందేలకు డబ్బు ముట్టం, ఊడిపోయిన చొక్కా బొత్తాలే వాడతాం. మనిషికి ఐదు ముక్కలు, నచ్చనివి ఒకసారి మార్చుకోవచ్చు, ఆ తర్వాత ఎవరి ముక్కలు గట్టివైతే బొత్తాలు వాళ్ళవి. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు బొంకి, ఎదుటివాళ్ళు ముక్కలు పారేసి పారిపోయేట్టు చేయడమే అందులో అసలు విద్య. ఆ విద్యలో మామయ్య ఘనాపాఠి. ఎందుకూ పనికిరాని ముక్కలు పట్టుకుని, మూడు రాజులున్న నన్ను పరుగెత్తించిన రోజులున్నాయి.

పోయినేడు మామయ్యకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు చాలావరకు తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. నలభై ఏళ్ళు ఈ దుకాణం నడిపి, బొగ్గుల పెట్టె మోసిన చెయ్యి అది. పట్టు ఎక్కడికీ పోలేదు, పట్టినదాన్ని విడవడమే పోయింది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి రబ్బరు బంతి పక్కన పడేసి, "పెద్దాయనకు పేకాటే మందు. ముక్క పట్టుకోవాలి, విడవాలి, మళ్ళీ పట్టుకోవాలి" అంది. అలా ఆదివారాల ఆట మళ్ళీ మొదలైంది.

చిక్కు అక్కడే వచ్చిపడింది. మావి కాగితం ముక్కలు. మామయ్య పట్టుకున్న ప్రతి ముక్కా మూల దగ్గర మడత పడేది. మా ఆయన ఎంత ఇస్త్రీ చేసినా తెల్లటి గీత ఉండిపోయేది. రెండు నెలలు తిరిగేసరికి ఏ గీత ఏ ముక్కదో మా ముగ్గురికీ కంఠతా వచ్చేసింది. ఆయన చేతిలో ఏముందో వెనక నుంచే చదివేసేవాళ్ళం. చదివి గెలిచామా అంటే, అదీ లేదు. ఆయనకు చిన్న జత ఉంటే, అంతకంటే పెద్దవి మా దగ్గరున్నా పారేసేవాళ్ళం. ముగ్గురం కూడబలుక్కున్నది కాదు, ఎవరి జాలి వాళ్ళది. పాపం గెలవనిద్దాం అనుకున్నాం. ఆయనేమో గెలిచిన బొత్తాలను డబ్బాలో వేసుకుని వారమంతా వాటిని చూసుకుని మురిసిపోయేవారు.

ఒక ఆదివారం మామయ్య చేతిలో రెండు ఏడులు. భూతద్దం అన్నయ్య "నా వల్ల కాదు బాబాయ్" అని ముక్కలు పారేశారు. అవి వెల్లకిలా పడ్డాయి. మూడు రాణులు! మామయ్య వాటిని చూశారు, అన్నయ్యను చూశారు, తర్వాత నన్నూ కొడుకునీ చూశారు. డబ్బాలోని బొత్తాలన్నీ కంబళి మీద కుమ్మరించి, "జాలిముష్టి నాకొద్దు" అని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత మూడు వారాలు కిందికి దిగలేదు. వ్యాయామం అమ్మాయి వస్తే నిద్ర నటించారు. అన్నం సగం వదిలేసేవారు. పట్టు వదలని వేళ్ళు రోజురోజుకీ ఇంకా లోపలికి ముడుచుకుపోవడం నా కళ్ళారా చూశాను. ఇలాగే ఇంకో నెల ఉంటే ఆ చేతి మీద ఆశ వదులుకోవాల్సిందేనని ఆ అమ్మాయి మొహం మీదే చెప్పింది. ఇంట్లో అందరం పిల్లి అడుగులు వేస్తూ గుసగుసలతో బతకడం మొదలుపెట్టాం. నాకు గుసగుసలు పడవు.

ఒకరోజు ఆయన గది గుమ్మంలో నిలబడి, "మామయ్యా, మచ్చపడని ముక్కలు తెస్తాను. మీ చేతిలో ఏముందో ఎవరికీ తెలియకపోతే ఎవరు మాత్రం కావాలని ఓడిపోగలరు? అప్పుడు ఆడతారా?" అని అడిగాను.

"తే, చూద్దాం" అన్నారు గోడవైపు తిరిగే.

తేవడమంటే మాటలా! మొదటి కొట్టువాడు డబ్బా మీద ప్లాస్టిక్ అని ఉన్న పేక ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ఒక ముక్కను బకెట్లో ముంచాను. రెండు గంటలకు అంచులు ఉబ్బి పొరలు విచ్చుకున్నాయి. లోపలంతా కాగితమే, పైన పూత. పట్టుకెళ్ళి చూపిస్తే, "నీళ్ళలో ముంచమని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు. లాండ్రీదాన్ని, ముంచక ఏం చేస్తాను?

రెండోది భూతద్దం అన్నయ్య ఎవరినో పట్టుకుని తెప్పించారు. అసలుసిసలు ప్లాస్టికే, కాదనను. కానీ ఎంత నున్నగా ఉందంటే, కలపబోతే ముక్కలు చేతిలోంచి జారి సగం బాయిలరు కిందికి పోయాయి. అంకెలు చీమల్లా ఉన్నాయి.

"మందం చూడు చెల్లెమ్మా, ఎంత సమంగా ఉందో!" అన్నారు అన్నయ్య, కొలిచే పరికరం తీసి.

"మందం ఎవరిక్కావాలన్నయ్యా? మామయ్య వేళ్ళలో నిలవాలి కదా."

"నిలుస్తుంది. కాస్త పౌడరు రాస్తే..."

"పౌడరు రాసి ముస్తాబు చేయడానికి ఇవి పేకముక్కలా, పెళ్ళికూతుళ్ళా?"

మా ఆయన మధ్యలో తల దూర్చి, "ముక్కలంటే ముక్కలే కదే, దీనికింత రభస ఎందుకు?" అన్నారు. గుడ్లురిమి చూశాను. బట్టల మూట ఎత్తుకుని బయటికి పోయారు.

మూడో కొట్టు ఆటవస్తువులది, ఊరికి ఆ చివర ఉంది. రెండు బస్సులు మారి వెళ్ళాను. కొట్టాయన చూపించడానికి ఉంచిన విడిముక్క ఒకటి నా చేతిలో పెట్టి, "మీ ఇష్టమొచ్చినట్టు హింసించుకోండి" అన్నాడు. రెండుగా వంచాను, వదలగానే నిటారుగా అయింది. మామయ్య పట్టు ఎలా ఉంటుందో అలాగే బొటనవేలితో మూలను నొక్కి, మనసులో వంద దాకా లెక్కపెట్టాను. మచ్చ లేదు. పైన సన్నటి నేత లాంటి గరుకుంది, జారదు. వెడల్పు కాస్త తక్కువ, అరచేతిలో ఇముడుతుంది. అంకెలు ఇంతింత. కొట్లోనే ఏడుపొచ్చినంత పనైంది. ఉన్నది ఒక్కటే పేక, మళ్ళీ సరుకు రావడానికి పది రోజులు పడుతుందన్నాడు. ఆ ఒక్కటీ సీలుతో సహా గుండెలకు హత్తుకుని తెచ్చాను. పాత కాగితం పేకను వేలికి బొబ్బ లేచేదాకా ముక్క ముక్కా రెండుగా కత్తిరించి, బట్టల మూటలకు గుర్తుచీటీలు చేసేశాను. పీడా వదిలిందనుకున్నాను.

ఆదివారం పైకి వెళ్ళి మామయ్యను కిందికి రమ్మన్నాను. "వస్తా పద" అన్నారు. మూడు వారాల్లో మొదటి 'వస్తా'. కాళ్ళు నేల మీద ఆనకుండా మెట్లు దిగి వెనక గదిలోకి వచ్చాను.

జేబురుమాలు పరిచి ఉంది. మా ఆయన ఇస్త్రీ చేస్తున్నారు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను. ఏం చేస్తున్నారో కనిపిస్తూనే ఉంది.

"కొత్తవి కదా, ఒకసారి వేడి తగిలితే సర్దుకుంటాయని..." అంటూ రుమాలు ఎత్తారు. ఎత్తి, తనూ చూసి, పెట్టెను దూరంగా జరిపారు.

కొత్త పేకలో ముక్కలు రంగులవారీగా వరసలో ఉంటాయి. ముందు ఇస్పేట్లు. ఆసు నుంచి రాజు దాకా పదమూడు ఇస్పేట్లూ తిరగేసిన పడవల్లా వంగిపోయి ఉన్నాయి.

"ప్లాస్టిక్ అని నూరుసార్లు చెప్పానా లేదా!" అని అరిచాను. "చొక్కా బొత్తాల మీద పెట్టె ఆనకుండా ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నారే, అవి దేంతో చేస్తారో తెలియదా? రెండు బస్సులు! బకెట్లు! వేలికి బొబ్బ! అంతా బూడిదలో పోసిన పన్నీరు!"

"అలవాటు కొద్దీ చెయ్యి అటు పోయిందే..." అన్నారాయన నేలచూపులు చూస్తూ.

అప్పుడే వచ్చిన భూతద్దం అన్నయ్య ఒక ఇస్పేటు తీసి, కొలిచి, "మూడు మిల్లీమీటర్ల వంపు" అన్నారు.

"మీరు నోరు మూసుకోండి అన్నయ్యా!"

మెట్ల మీద చప్పుడైంది. మామయ్య ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని ఒక్కరే దిగి వచ్చారు. ఆపుకుందామనే చూశాను, నా వల్ల కాలేదు.

"మీరొకరు మామయ్యా! మూడు వారాలుగా ఆ గోడతో కాపురం చేస్తున్నారు. అవును, కావాలనే ఓడిపోయాం. తప్పే, బుద్ధి గడ్డి తిని చేశాం. అడిగి నాలుగు తిట్టొచ్చుగా? ఆ చెయ్యిని ఎండబెట్టుకుని ఎవరి మీద కక్ష తీర్చుకుంటున్నారు? నాకు మాత్రం భయం వెయ్యదా?"

పక్షవాతం వచ్చాక ఆ మనిషి ఎదుట ఎవరూ గొంతెత్తలేదు. మామయ్య నింపాదిగా తన కుర్చీలో కూర్చున్నారు.

"పంచు" అన్నారు.

"వేటితో పంచను?"

"వాటితోనే."

"వంగినవన్నీ ఇస్పేట్లేనని అందరికీ తెలిసిపోతుంది మామయ్యా."

"మీవీ నాకు తెలుస్తాయిగా. కోపంలో ఉన్నావు, ఇప్పుడైతే నీ దగ్గర జాలి ఉండదు. అది చల్లారకముందే పంచు."

పంచాను. మా ఆయన, అన్నయ్య మొదట్లోనే తప్పుకున్నారు. నా దగ్గర మూడు తొమ్మిదులున్నాయి. మామయ్య ఒక్క ముక్క మార్చుకున్నారు, కొత్తది చూసి కనుబొమ్మ కూడా కదపలేదు. ఎడంచేత్తో తన బొత్తాలన్నీ ముందుకు తోసేశారు. పాత రోజుల్లో అయితే ఆ మొహానికి భయపడి పారిపోయేదాన్ని. కానీ ఆయన చేతిలో నాలుగు ముక్కలు వంగి ఉన్నాయి, ఐదోది సాపుగా ఉంది. ఐదూ ఒకే రంగైతే నా మూడు తొమ్మిదుల్ని కొట్టేసేవి, కానీ నాలుగే ఇస్పేట్లు, ఐదోది రాలేదు. ఐదంకెలూ వరసగా కుదిరితే నా ఖర్మ, లేకపోతే మహా అయితే ఒక జత.

"చూపించండి" అన్నాను.

ఏమీ లేదు. జత కూడా లేదు. బొత్తాలన్నీ నా వైపు లాక్కున్నాను.

"వెనక నుంచి చూసి ఆడావు!" అన్నారు మామయ్య.

"చూశాను. కళ్ళున్నాయి మరి."

"అన్యాయం! పేక సరిగ్గా ఉంటే నువ్వు పారిపోయేదానివి."

"పారిపోయేదాన్నే."

ఆయన మొహం ఎర్రబడింది. ఇంత కోపం ఆయనలో చూసి ఏడాదైంది, నాకు ప్రాణం లేచొచ్చింది. ముక్కలు కింద పెట్టబోతే వేళ్ళు విడవలేదు. మా ఆయన సాయం చేయబోతే ఎడంచేత్తో తోసేశారు. చిటికెనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే తెరిచి ముక్కలు వదిలారు. వాటి మూలలు తిప్పి తిప్పి చూశారు. ఒక్క మడత లేదు.

"ముక్కల్ని బాగానే ఎంచావు అమ్మాయ్. మొగుడి దగ్గరే కాస్త తొందరపడ్డావు" అన్నారు. కన్నతండ్రి అన్న మాట అది. మా ఆయన ఇస్త్రీపెట్టె తీగ చుట్టడంలో మునిగిపోయారు.

"ఇంకో ఆట పంచు."

"మీ దగ్గర బొత్తాలేవీ?"

నా దగ్గరివి కొన్ని అటు తోద్దామని చెయ్యి చాచాను. ఆయన చూపు చూసి వెనక్కి తీసుకున్నాను. ఆయన తన చొక్కా పైబొత్తాన్ని కుడిచేత్తో పట్టుకుని పుటుక్కున తెంపారు. ఆ చెయ్యిని బల్ల మీద పెట్టి, తెరిచి, బొత్తాన్ని వదిలారు.

పంచాను. ఆ బొత్తాన్ని కూడా గెలుచుకున్నాను.